మోతప్ప పెళ్లికి ఆటంకం

ఈ సంగతి గిరి చెప్తే బాగుంటుంది. వాడు చెప్పేటప్పుడు గాడిదలు పదయ్యేవి, ఫాదర్ మూర్ఛపోయేవారు, బిషప్ గారు కూడా ఎక్కడినుంచో ఊడిపడేవారు. నేను బడిలో తెలుగు పాఠం చెప్పేదాన్ని. గాడిదలు మూడే. ఫాదర్ మూర్ఛపోలేదు, కుర్చీలో కూలబడ్డారు, అంతే. గిరి లేడు కాబట్టి ఉన్నది ఉన్నట్టు నేను చెప్తాను.

మేము చదివింది సెయింట్ మార్తా యూనివర్సిటీలో. అనంతపురం దగ్గర రాప్తాడు దాటాక, ఎర్రమట్టి దిబ్బ మీద, చుట్టూ వేరుశెనగ చేలు. గేటు మీద లాటిన్‌లో ‘వెరితాస్ ఎత్ కారితాస్’ అని రాసి ఉండేది. సత్యం, ప్రేమ అని దాని అర్థం. కొత్తగా చేరిన పిల్లలకు గిరి వేరే అర్థం చెప్పేవాడు.

“వేరుశెనగ ఎత్తు, కారం వెయ్యి. మన జిల్లా కోసమని రోమ్ నుంచి రాయించి పంపించినారప్పా.”

ఆ సంవత్సరం విలువల పరీక్షలో ‘మన విశ్వవిద్యాలయ ఆశయమును వివరింపుము’ అన్న ప్రశ్నకు ఒక అమ్మాయి వేరుశెనగ సాగు గురించి పేజీ నిండా రాసింది. పేపర్లు దిద్దిన ఫాదర్ కురియాకోస్, శ్రద్ధగా రాసిందని మార్కులు వేశారు.

విలువల క్లాసంటే, క్యాథలిక్ పిల్లలు క్యాటకిజానికి, అంటే మత పాఠానికి, వెళ్లే గంటలో మిగతావాళ్లకు జరిగేది. “మీకు దేవుడుండాడు, మాకు నీతి ఉండాది. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకే దినం” అనేవాడు గిరి. నేను క్యాటకిజం వైపు. వాడు నీతి వైపు. అయినా ఆదివారం పూజలో ఇద్దరమూ ఉండేవాళ్లం. నేను చాపెల్ ప్రకటనల ఫైలు చూసేదాన్ని. వాడు పాటల జట్టులో డోలక్ వాయించేవాడు. వాళ్ల ఊరు కుందుర్పిలో పండరి భజనలో తిరిగిన చెయ్యి. వాడు వాయిస్తే హల్లెలూయా కూడా గజ్జెలు కట్టుకుని పరుగెత్తేది.

హాస్టలూ క్రమశిక్షణా సిస్టర్ ఫిలోమినా చేతిలో ఉండేవి. ఆమెది గుంటూరు. ఒకసారి బిషప్ గారు భోజనానికి వచ్చిన రోజున గిరి మెస్‌లో ఉప్పు డబ్బా మీది చీటీ చక్కెర డబ్బాకు, చక్కెర డబ్బా మీది చీటీ ఉప్పు డబ్బాకు అంటించాడు. బిషప్ గారు పాయసం ఒక్క చెంచా తాగి, చాలాసేపు కళ్లు మూసుకున్నారు. అందరమూ ప్రార్థన అనుకున్నాం.

మర్నాడు సిస్టర్ గిరి వాళ్ల నాయనను పిలిపించింది. ఆయన గొర్రెల మందను పక్కవాళ్లకు అప్పగించి, బస్సులు మారి, నెత్తిన తువ్వాలతో వచ్చాడు.

“మీవాడు ఇంకొక్కసారి అల్లరి చేశాడంటే హాస్టల్ ఖాళీ చేయాల్సిందే. తర్వాత నన్నేమీ అనొద్దు” అంది సిస్టర్.

కుందుర్పి నుంచి రోజూ వచ్చిపోయే దారి కాదు. హాస్టల్ పోతే చదువు పోయినట్టే. ఆ సంగతి సిస్టర్‌కూ తెలుసు, గిరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. బయటికొచ్చి కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఒకటే మాట అన్నాడు.

“చదువు రాకుంటే గొర్రెలుండాయిలే అనుకుంటాండావేమో. గొర్రెలకు కుక్క ఉండాది. నీతో పని లేదు. ఈడే సావు.”

ఆ మాటతో గిరి కొన్నాళ్లు నిజంగానే బుద్ధిగా ఉన్నాడు. సాంబారు గిన్నెకు ‘ఇంకుడు గుంత’ అని బోర్డు పెట్టింది ఎవరో నాకు తెలుసు గానీ, సిస్టర్‌కు తెలియలేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఇక గాడిద. మట్టల ఆదివారం నాడు ఏసుప్రభువు గాడిదనెక్కి యెరూషలేము ప్రవేశించిన ఊరేగింపు చేస్తారు. ఆ ఏడు ఫాదర్ కురియాకోస్ నిజం గాడిదే కావాలన్నారు. పక్కనున్న గుట్టకిందపల్లిలో లింగప్ప అనే ఇటుకలాయన కొత్తగా ఆటో ట్రాలీ కొనుక్కుని తన గాడిదను అమ్ముతుంటే, యూనివర్సిటీ కొన్నది. ఊరేగింపులో అది ప్రభువు వేషం కట్టిన కుర్రాణ్ణి దింపి, మట్టలన్నీ తినేసింది. ఆ తర్వాత క్యాంపస్‌లోనే ఉండిపోయింది. మేము దానికి హోసన్నా అని పేరు పెట్టాం.

ఊళ్లో దాని పేరు మోతప్ప. అంతకు ముందటి ఏడాది గుట్టకిందపల్లి వాళ్లు వాన కోసం గాడిదల పెళ్లి చేసినప్పుడు పెట్టిన పేరు అది. పెళ్లికూతురు అదే ఊళ్లో ఓబమ్మ అనే ఆమె ఇంటి గాడిద. దానికి ఓండ్రమ్మ అని పేరు పెట్టారు. మేళతాళాలతో, పసుపు తాడుతో, పప్పన్నంతో పెళ్లి జరిగింది. వాన మాత్రం రాలేదు.

ఈ ఏడూ అదే వరస. విత్తనం వేసినప్పుడు రెండు తడులు పడ్డాయి. శెనగచేను పూత పట్టే వేళకు మబ్బు మా మీదుగా పోతూ పలకరించడం కూడా మానేసింది. ఆగస్టులో ఒక సాయంత్రం గుట్టకిందపల్లి పెద్దమనిషి నల్లప్ప ఫాదర్ దగ్గరికి వచ్చాడు. ఫాదర్‌ది కేరళ. వాళ్ల ఊళ్లో వాన ఆగాలని మొక్కుకుంటారట. ఆయన తెలుగు నేర్చుకున్నది ఒక పాత వ్యాకరణ పుస్తకంలోంచి కాబట్టి, మా యాస అర్థం కానప్పుడు గిరినో నన్నో పిలిచేవారు. ఆ రోజు ఇద్దరమూ ఉన్నాం.

“సామీ, మా గాడిదను ఒక్క దినం ఇయ్యండి. మళ్లా పెండ్లి చేసి తోలకొస్తాం” అన్నాడు నల్లప్ప.

ఫాదర్ నెమ్మదిగా జవాబిచ్చారు. “అయ్యా, గాడిదలకు వివాహ సంస్కారము లేదు.”

“సంస్కారం మనుషులకే లేదు సామీ, గాడిదలకు యాడుంటుంది?”

గిరి డోలక్ మీద చెయ్యి పడినట్టు నవ్వాడు. సిస్టర్ ఫిలోమినా అటు వెళ్తూ ఆగింది.

“ఇది క్యాంపస్ అండీ, కల్యాణ మండపం కాదు. హోసన్నా ఎక్కడికీ రాదు.”

నల్లప్ప వెళ్తూ వెళ్తూ గిరితో అన్నాడు. “గాడిదను ఇయ్యకపోతే పోనీలేప్పా. ఆయప్ప పేరేమి? కురియాకోసు. పేరులోనే కురిసేది ఉండాది. అట్లా పేరున్నోడు నోటితో మా పెండ్లి మాట ఒక్కసారి చాటినా చాలు, మబ్బుకు సిగ్గొస్తుంది.”

“మాట కదా మామా, చూస్తాంలే” అన్నాడు గిరి.

నేను వాణ్ణి చూశాను. వాడు ఆకాశాన్ని చూశాడు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. క్యాథలిక్కులలో ఎవరిదైనా పెళ్లి కుదిరితే, గుడిలో మూడు ఆదివారాలు వరసగా ప్రకటిస్తారు. వరుడు ఫలానా, వధువు ఫలానా, ఈ పెళ్లికి ఆటంకం ఏదైనా తెలిసినవాళ్లు గురువుకు, అంటే ఫాదర్‌కు, చెప్పాలి అని. అందరూ వింటారు. ఎవరూ ఏమీ అనరు. అది వానాకాలంలో గొడుగు పట్టుకోవడం లాంటి అలవాటు, మా జిల్లాలో గొడుగుతో ఎంత పని ఉంటుందో ఆ ప్రకటనతోనూ అంతే పని.

ఆ ఆదివారం ఫాదర్ వేరే ఊళ్లో పూజ ముగించుకుని ఆలస్యంగా వచ్చారు. ఫైలు ముందుగా చూసుకునే తీరిక లేదు. పూజ చివర ప్రకటనలు మొదలుపెట్టారు. బాలికల హాస్టల్‌లో నీళ్లు వచ్చే వేళలు, దొరికిన గొడుగు, గ్రంథాలయం సెలవు. తర్వాత కాగితం తిప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

“పెళ్లి ప్రకటన. మొదటిసారి. వరుడు, చిరంజీవి మోతప్ప. పూర్వము లింగప్ప గారి వద్ద, ప్రస్తుతము మన విశ్వవిద్యాలయ ప్రాంగణములో నివాసము. వృత్తి, రవాణా. వధువు, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఓండ్రమ్మ. గుట్టకిందపల్లి ఓబమ్మ గారింట పెరిగినది. వృత్తి, సంగీతము.”

నేను ఆ కాగితం ఫైల్లో పెట్టలేదు. డోలక్ వెనక కూర్చున్న గిరి కళ్లు మూసుకుని పరమ భక్తుడిలా ఉన్నాడు. బెంచీలు వణకడం మొదలుపెట్టాయి. ముందు వరసలో సిస్టర్ ఫిలోమినా మెడ ఎర్రబడింది. ఫాదర్ మాత్రం, తన ప్రాంగణంలో ఒకరికి పెళ్లి కుదిరిందన్న సంతోషంతో, గొంతు పెంచి ముగించారు.

“వీరి వివాహమునకు ఆటంకమేదైనా ఎరిగినవారు దానిని గురువుకు తెలుపుటకు బద్ధులై ఉన్నారు.”

“ఉండాది సామీ!”

వెనక ఫ్యాన్ కింద నుంచి వచ్చింది ఆ గొంతు. హాస్టల్ బట్టలు ఉతికే ఓబమ్మ. ఆదివారం పూజ బల్ల మీద పరిచే పీఠం గుడ్డలు ఇస్త్రీ చేసి తెచ్చి, పూజ అయిపోయేదాకా ఆ ఫ్యాన్ కింద కూర్చోవడం ఆమె అలవాటు. ఇప్పుడు లేచి నిలబడి ఉంది.

“ఏమి ఉన్నదమ్మా?” అన్నారు ఫాదర్.

“ఆటంకం ఉండాది. ఇద్దరూ నా ఇంట్లోనే పుట్టినారు. ఒక తల్లి పిల్లలు. అన్నాచెల్లెండ్లకు పెండ్లేంది సామీ, తప్పు కాదా?”

చాపెల్ పగిలిపోయింది. ఫాదర్ ముఖం తెల్లబడింది. ఆయన చెయ్యెత్తారు.

“నవ్వకూడదు! ఎవ్వరూ నవ్వకూడదు! ఇది ఒక కుటుంబము యొక్క దుఃఖము!”

దాంతో డోలక్ వెనక నుంచి ఒక ఏడుపు లాంటి శబ్దం వచ్చింది. అది ఏడుపు కాదు.

పూజ అయ్యాక ఫాదర్ ఓబమ్మను లోపలి గదికి పిలిచారు. మాట అర్థం కాకపోతే చెప్పడానికి నన్నూ ఉండమన్నారు. అసలు సంగతి చెప్పడానికి నేను రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయన “ఆగు రెబెకా, మొదట సాక్షి” అన్నారు. తలుపు మూసి, చాలా మర్యాదగా విచారణ మొదలుపెట్టారు.

“అమ్మా, వారి తల్లి జీవించి ఉన్నదా?”

“యాడిది సామీ. రైలు గేటు కాడ పోయింది.”

“అయ్యో. తండ్రి?”

“తండ్రిని ఎవురు చూసినారు? ఆ యేడు ధర్మవరం కాడి నుంచి ఇటుకల పనోళ్లు దిగినారు. వాళ్లతో వచ్చిన గుంపులో ఎవుడో ఒకడు.”

ఫాదర్ కళ్లు మూసుకున్నారు. నేను గోడ వైపు తిరిగాను. తెలుగులో ఒక చిక్కుంది. ఆడమనిషి పోయినా పోయింది, ఆడగాడిద పోయినా పోయింది. ఓబమ్మేమో మగగాడిదను ముద్దుగా వాడనేది. ఆ పూట మా వ్యాకరణం మొత్తం గిరి పక్షాన నిలబడింది.

“ఆ యువకుడు, ఆ యువతి... తాము తోబుట్టువులమని ఎరుగుదురా?”

“వాళ్లకేం తెలుస్తుంది సామీ, పాలు మరవకముందే లింగప్ప వాణ్ణి తోలకపాయె. అయినా ఇప్పుడనుకుంటే ఏం లాభం? పోయినేడే పెండ్లి అయిపాయె.”

ఫాదర్ లేచి నిలబడ్డారు. “అయిపోయినదా!”

“ఊరంతా నిలబడి చేసినారు. పప్పన్నాలు తిన్నారు.”

“మీరు అప్పుడు ఎందుకు చెప్పలేదు?”

ఓబమ్మ ఆయన వంక వింతగా చూసింది. “నన్నెవురు అడిగినారు సామీ? మా పెండ్లిండ్లకు అందరినీ పిలుస్తారు. ఎవురినీ అడగరు. మీరు అడిగితిరి. అడిగినాక చెప్పకుంటే నాకు పాపం కాదా?”

ఫాదర్ మళ్లీ కూర్చున్నారు. చాలా నెమ్మదిగా, భయంభయంగా అడిగారు. “పెళ్లి అయిన తరువాత... వారు కలిసి ఉండిరా?”

“కలిసే. ఒకే గుంజకు కట్టేసినాం.”

“కట్టివేసితిరా? మనుషులను!”

“మనుషులను ఎవురు కడతారు సామీ? గాడిదలను కడతారు గానీ.”

ఫాదర్ నా వైపు తిరిగారు.

“రెబెకా. గాడిద అనగా...”

“గాడిదే ఫాదర్.”

“మోతప్ప అనగా...”

“మన హోసన్నా, ఫాదర్.”

కుర్చీలో కూలబడింది అప్పుడే.

సోమవారం పొద్దున సిస్టర్ ఫిలోమినా గదిలో నిలబడ్డాను. ఫాదర్ కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నారు.

“ఫైలు నీ చేతిలోది. ఆ కాగితం అందులోకి ఎలా వచ్చింది? పవిత్రమైన పీఠం దగ్గర గాడిదల పెళ్లి చదివించారు. ఎవరు రాశారో నువ్వు చెప్పు, లేదా నువ్వే రాశానని ఒప్పుకో” అంది సిస్టర్.

నాకు తెలుసు. కానీ చెబుదామంటే వాడి నాయన తువ్వాలు కళ్లముందు కనబడింది. నేను నోరు విప్పేలోగా తలుపు తోసుకుని గిరి వచ్చాడు.

“నేనే రాసినా సిస్టర్. రెబెకాకు తెలీదు. రవాణా, సంగీతం కూడా నావే.”

“నీవే అని నాకు తెలుసు. అలాంటి బుర్ర ఈ క్యాంపస్‌లో ఇంకొకటి లేదు. వెళ్లి పెట్టె సర్దుకో.”

“సరే సిస్టర్” అన్నాడు వాడు. ఆ మాట ఒక్కటే వాడి గొంతులాగా లేదు. “మా నాయనకు మీరు ఫోన్ చేయొద్దు. నేనే పోయి చెప్తా” అన్నాడు.

కిటికీ దగ్గరి ఫాదర్ ఇటు తిరిగారు. “గిరీ, వృత్తి సంగీతము అని ఎందుకు వ్రాసితివి?”

“మీరు దాని గొంతు వినలేదు ఫాదర్.”

ఫాదర్ మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు కదిలాయి. అది కోపమో కాదో వెనక నుంచి తెలియదు.

అప్పుడే బయట గొడవ వినిపించింది. వరండాలో నల్లప్ప, ఆయన వెనక గుట్టకిందపల్లి వాళ్లు పదిమంది దాకా, అందరి వెనకా కొంగు నడుముకు చుట్టుకుని ఓబమ్మ. సిస్టర్ నిట్టూర్చింది.

“చూశావా, ఊరిని మన మీదికి తెచ్చావు. వాళ్ల ఆచారాన్ని ఎగతాళి చేశామని పోట్లాటకొచ్చారు.”

నల్లప్ప లోపలికి వచ్చి చెప్పులు విడిచి, ఫాదర్‌కు దండం పెట్టాడు.

“సామీ, పోయినేడు పెండ్లి చేస్తే వాన ఎందుకు రాలేదా అని యేడాదంతా తల బద్దలు కొట్టుకున్నాం. మేళగాళ్లు సరిగా వాయించలేదని వాళ్లను తిట్టినాం. వంటోడిని తిట్టినాం. యాడన్నా తెలిసిందా? వరస తప్పిన పెండ్లి! అన్నాచెల్లెండ్లకు తాళి కట్టిస్తే వాన ఎట్లొస్తుంది సామీ? నిప్పులు కురవకపోయింది, అదే పుణ్యం.”

“నేనేం చేయవలెను?” అన్నారు ఫాదర్, తెలియక.

“ఈసారి వరస కలిసిన జత చూసి చేస్తాం. ముందు మీరు చాటించల్ల. దేవుని పేరు వద్దు, మీ గుడిలోనూ వద్దు. ఆ కడాకు ఒక మాట అడిగినారంటనే, ఎవురికన్నా తెలిస్తే చెప్పండి అని, ఆ మాట మాకు కావల్ల. ఆ కాగితం రాసిన పిల్లోడెవరో మాకు చూపించండి. వాని తలకు రుమాలు కట్టల్ల.”

గిరి తన కాళ్లకేసి చూసుకుంటున్నాడు.

“రుమాలు కట్టేదేమీ లేదు. అతన్ని పంపించేస్తున్నాం” అంది సిస్టర్.

“యాడికి?”

“ఇంటికి.”

“ఎందుకమ్మా? నిజం బయటేసినందుకా?” అంది ఓబమ్మ గుమ్మంలోంచి. “అట్లైతే నన్ను కూడా పంపీయండి. బయటేసింది నేను. వచ్చే ఆదివారం నుంచి పీఠం గుడ్డలు మీరే ఉతుక్కోండి.”

ఫాదర్ కిటికీ వదిలి సిస్టర్ బల్ల దగ్గరికి వచ్చారు. కోపం లేదు, నవ్వు లేదు. విలువల క్లాసులో కూడా ఆయన అంత జాగ్రత్తగా మాట్లాడడం నేను వినలేదు.

“సిస్టర్, నేను గురువైన నాటినుండి ఈ ప్రకటన చదువుచున్నాను. ఆటంకము ఎరిగినవారు తెలుపవలెను అని. కేరళలో చదివితిని, ఇక్కడ చదివితిని. ఎన్నడూ ఒక్కరు లేచి నిలబడలేదు. నేనును జవాబు కొరకు ఆగలేదు. నిన్ననే మొదటిసారి ఒకరు జవాబు చెప్పిరి. ఆ ప్రశ్నకు జవాబు ఉండునని నాకు ఈ బాలుని వలన తెలిసినది.”

“పీఠం దగ్గర అల్లరి ఫాదర్!”

“అల్లరియే. దానికి ప్రాయశ్చిత్తము ఉండవలెను. ఇంటికి పంపుట ప్రాయశ్చిత్తము కాదు, మనకు విశ్రాంతి.”

సిస్టర్ ఆయన్ని చూసింది, గిరిని చూసింది, గుమ్మంలో నిలబడ్డ ఊరిని చూసింది. తర్వాత పీఠం గుడ్డల సంగతి కూడా ఆలోచించిందనుకుంటాను. కాగితం ముందుకు లాక్కుంది.

“సరే. వరస కలిసిన వరుణ్ణి నువ్వే వెతికి తేవాలి. తల్లి ఎవరో తండ్రి ఎవరో కనుక్కుని రావాలి. గేటు బయట, పూజ అయిపోయాక, మూడు ఆదివారాలు ప్రకటన నువ్వే రాయాలి. ఎగతాళి లేకుండా రాయాలి. ఆ రవాణా, సంగీతం తీసెయ్యి.” కలం ఆగింది. “సంగీతం ఉండనీ.”

నల్లప్ప అప్పటికే తన తలమీది రుమాలు విప్పి గిరికి చుట్టేస్తున్నాడు.

ఓబమ్మా గిరీ వరుణ్ణి వెతకడానికి బయల్దేరారు. దగ్గరి ఊళ్లలో ఏ గాడిద పుట్టుక అడిగినా చివరికి ఓబమ్మ ఇంటికే వచ్చి ఆగేది. ఆఖరికి కణేకల్ దాకా పోయి, అక్కడ ఒక వరుణ్ణి ఖాయం చేసుకుని వచ్చారు. కాలవ నీళ్లు తాగి పెరిగిన గాడిద. నిగనిగలాడేది. మా ఎండుగడ్డి వాసన చూసి మొహం తిప్పుకుంది.

“మగపెండ్లివారు కదప్పా, ఆమాత్రం బిగువుండల్ల” అన్నాడు నల్లప్ప, పచ్చిగడ్డి కోసం మనిషిని పంపిస్తూ.

మూడు ఆదివారాలు పూజ అయిపోయాక గేటు బయట, వెరితాస్ ఎత్ కారితాస్ కింద, ఫాదర్ నిలబడి గిరి రాసిన కాగితం చదివారు. ఊరంతా వచ్చేది. హాస్టలంతా వచ్చేది. ఆటంకము ఎరిగినవారు అన్నాక ఫాదర్ ఈసారి ఆగేవారు. నిజంగా ఆగేవారు. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసేవారు. మొదటి వారం ఒక ముసలాయన పెళ్లికొడుకు ఎడమకన్ను మెల్ల అన్నాడు. అది ఆటంకం కాదని తేల్చారు. రెండో వారం కాలవ నీళ్ల గాడిదకు వాన విలువ ఏం తెలుసని ఒకరు లేచారు. దాని మీద చాలాసేపు వాదన జరిగింది. మూడో వారం ఎవరూ లేవలేదు.

పెళ్లిలో పెళ్లికూతురి అన్న హోదాలో హోసన్నా నిలబడింది. సిస్టర్ ఫిలోమినాయే పంపించింది. “తోబుట్టువు లేకుండా ఆడపిల్ల పెళ్లేమిటి” అంది, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా. గిరి డోలక్ వాయించాడు. ఓండ్రమ్మ తన వృత్తి ధర్మం నెరవేర్చింది.

వాన వచ్చిందా అని అందరూ అడుగుతారు. వచ్చింది. ఆ వారంలోనే వచ్చింది, కుండపోతగా. కణేకల్‌లో.

నల్లప్ప ఎండిన చేను వైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు. “ఎంతైనా మగపెండ్లివారి పక్కనే పడుతుందప్పా ఏదైనా. వచ్చేసారి ఆడపిల్లను కణేకల్ నుంచి తెచ్చుకోవల్ల.”

గిరి హాస్టల్‌లోనే ఉండి చదువు పూర్తి చేశాడు. వాళ్ల నాయన చివరిరోజు వచ్చి, సిస్టర్‌కు ఒక గొర్రెపిల్లను ఇవ్వబోయాడు. ఆమె వద్దంది. ఆయన వినకుండా వరండాలో కట్టేసి వెళ్లిపోయాడు. దానికి మేము ఆమెన్ అని పేరు పెట్టాం.

కొన్నేళ్ల తర్వాత అదే చాపెల్‌లో ఫాదర్ కురియాకోస్ ఇంకో ప్రకటన చదివారు. వరుడు గిరి, కుందుర్పి. వధువు రెబెకా, అనంతపురం. ఇద్దరివీ వేరు మతాలు కాబట్టి బిషప్ గారి అనుమతి కావలసివచ్చింది. ఆయన పాయసం గుర్తు చేసుకుని, అయినా ఇచ్చారు. ఆటంకము ఎరిగినవారు అని చదివి ఫాదర్ ఆగారు. చాపెల్ మొత్తం వెనక్కి తిరిగి ఫ్యాన్ కిందికి చూసింది.

ఓబమ్మ తొందరపడలేదు. కొంగు సర్దుకుని, మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచింది.

“వాడే ఒక ఆటంకం సామీ. పాప తెలిసే చేసుకుంటాంది. కానీయండి.”

గిరి పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు మా వంటింట్లో ఉప్పు డబ్బాలో ఉప్పే ఉంటోంది. చక్కెర డబ్బాలో చక్కెరే ఉంటోంది. అయినా నేను రుచి చూశాకే వేస్తాను.